పైడమ్మత్త హాల్టు

చిన్నరైలు తీసేసి పెద్ద లైను వేస్తున్నారని, టెక్కలి దగ్గర మా ఊరి హాల్టు షెడ్డును ఈ రోజు కాంట్రాక్టరు మనుషులు గునపాలతో కూలగొట్టారు. మా పైడమ్మత్త రాయి విసిరింది. మేస్త్రీ నుదురు చిట్లి రక్తం కారింది. అతను ఆమెను జుట్టు పట్టుకుని ఈడ్చాడు. అడ్డుపడినందుకు నా పన్ను ఒకటి ఊడింది.

"రాయెందుకేసినావత్తా?" అన్నాను, నోరు కడుక్కుంటూ.

"ముందల బండి ఇక్కడ ఆగీదేటి? నా పెళ్లయిన ఏడు ఊరంతా రాళ్లేసి ఆపినాం. అలగే వొచ్చిందిరా ఈ హాల్టు!"

కొత్త రైలు ఇక్కడ ఆగదట. అత్త సాయంత్రం నుంచి కంకర రాళ్లు ఏరి గోనెసంచిలో వేస్తోంది. ఆమెను ఆపుదామని వెళ్తే సంచి మూతి పట్టుకోమంది. పట్టుకున్నాను. నోట్లో ఇంకా ముప్పై ఒక్క పళ్లున్నాయి. మీరెవరైనా వస్తారా?