వకీలమ్మ కుర్చీ

పక్క ఫ్లాట్ ఆపా శుక్రవారం పోయింది. పొద్దున ఛాతీలో మంటగా ఉందని సోడా తాగిందట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది. గల్ఫ్‌లో, ఫర్వానియాలోని మా బిల్డింగులో ఆమెను ఎరగనివాళ్లు లేరు. ఆమె పుణ్యమా అని నన్ను ఎరగనివాళ్లూ లేరు. ఆ పుణ్యానికే ఇన్నాళ్లూ సిగ్గుతో చచ్చిపోయాను.

రాయచోటి మనిషి. ఉర్దూలో అక్క అని, అందరికీ ఆపానే. ఇంట్లోనే జాకెట్లు, అబాయాలు కుట్టేది. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకొనే ఊరందరి సంగతులూ చెప్పగలిగేది. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమె మిషన్ చప్పుడు నాకు వినిపించేది, నా ఆన్‌లైన్ పాఠాలు ఆమెకు వినిపించేవి.

నలభై దాటాక మళ్లీ డిగ్రీలో చేరాను నేను. కడపలో చేసిన బీకాం ఇక్కడ క్లినిక్ రిసెప్షన్ దాకా తెచ్చి వదిలేసింది. ఈ కొత్త డిగ్రీలో పారాలీగల్, సైకాలజీ రెండూ చదవాలి. కాంట్రాక్టు చట్టం, లీగల్ డ్రాఫ్టింగ్, వృత్తి నియమాలు ఒకవైపు. మనసు ఎదిగే తీరు, మానసిక రుగ్మతలు, పరిశోధన పద్ధతులు ఇంకోవైపు. తప్పించుకుందామన్నా కుదరని స్టాటిస్టిక్స్ ఉండనే ఉంది. చివర్లో లాయరు ఆఫీసులో ఇంటర్న్‌షిప్. ఇవన్నీ పూర్తయినా నేను లాయరును కాను, లాయరు చేతికింద పనిచేసే సహాయకురాలిని. సొంతంగా సలహాలు ఇవ్వకూడదన్నది మాకు చెప్పిన మొదటి పాఠం.

మనవాళ్ల సంగతి తెలిసిందే. మెడిసిన్‌లో సీటొచ్చిన రోజే పిల్లను డాక్టరమ్మా అని పిలిచేస్తారు. నేను చేరిన సాయంత్రమే ఆపా నన్ను వకీలమ్మను చేసేసింది.

"పాసైనా నేను వకీలును కాను ఆపా."

"కాకపోతే ఏమ్మే? పేరు ముందు పెట్టేస్తాం. సదువు దాని యెనకాలే వస్తాది, యాడికి పోతాది?"

అంతటితో ఊరుకుందా? లిఫ్ట్ పక్కన, మా రెండు తలుపుల మధ్య, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసింది. "ఇది వకీలమ్మది, ఎవురూ కూచోగాకండి" అని వచ్చేపోయేవాళ్లను అదిలించేది. ఇఖామా, అంటే నివాస పర్మిట్ చిక్కులతో ఎవరైనా వస్తే ఆ కుర్చీ చూపించి నన్ను పిలిచేది. నేను గుమ్మంలోనే నిలబడి, ఎంబసీకి వెళ్లండని గొణిగి తలుపు వేసుకునేదాన్ని.

స్టాటిస్టిక్స్ రెండుసార్లు తప్పాను. ఈ వయసులో నాకెందుకిది అనిపించింది. పోయిన నెల నుంచి పాఠాలు వినడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు. వకీలమ్మా అన్న పిలుపు విననట్టు నటిస్తూ లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కేదాన్ని.

ఆపా పోయిన మూడో రోజు, ఆదివారం, వాళ్లింట్లో దుప్పట్లు పరిచి ఆడవాళ్లందరం కూర్చున్నాం. ముబారక్ అల్ కబీర్ ఏరియాలో ఇంటిపని చేసే ఆపా చెల్లెలు వచ్చింది. మామా అని పిలిచే యజమానురాలు సాయంత్రం దాకా సెలవిచ్చిందట. నా పక్కకు జరిగి చెయ్యి పట్టుకుంది.

"వకీలమ్మా, మా మామా నా పాస్‌పోర్ట్ ఆమె కాడే పెట్టుకోనుండాది. అడిగితే తప్పా?"

అందరూ నావైపు తిరిగారు.

"నేను వకీలును కానమ్మా. చదువు పూర్తి కాలేదు. మానేశాను కూడా."

"మాకు తెలుసులే" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "మా ఆపా చెప్పింది. 'గోడవతల పాఠం నిలిచిపోయింది, ఈయమ్మి మానేస్తాండాది. యాడ కనపడినా వకీలమ్మా అనే పిలవండి, సిగ్గుకైనా సదువుతాది' అనింది."

"నాకూ అదే చెప్పింది" అంది ఎదురింటి పెద్దావిడ. "నువ్వేమో మెట్లెక్కి పారిపోతివి!"

ఏడుస్తున్నవాళ్లంతా నవ్వారు. నేను మాత్రం తలెత్తలేకపోయాను. ఎగతాళి అవుతున్నానని నేను తప్పించుకు తిరిగిన ప్రతి పిలుపు వెనకా ఆమె ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు నేను చెప్పకూడదు. చెల్లెలికి మళ్లీ సెలవు దొరికిన రోజున లాయరు దగ్గరికి వెంటబెట్టుకు వెళ్తానని మాత్రం చెప్పాను.

స్టాటిస్టిక్స్‌లో మళ్లీ చేరాను. పాఠం కాస్త గట్టిగానే పెడుతున్నాను. అవతల మిషన్ చప్పుడు లేదు. ఆ కుర్చీలో నేనింకా కూర్చోలేదు, ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా కూర్చోలేను. నిన్న మా బిల్డింగు వాచ్‌మన్, ఇక్కడివాళ్ల మాటలో హారిస్, కారిడార్ కడుగుతూ దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. నేల ఆరాక తడిగుడ్డతో తుడిచి, తెచ్చి, నా తలుపు వైపు తిప్పి వేశాడు.