ఉపవాసం నాటి బిళ్ళ

నేను రిటైరైన ఏడాది వేసవి అది. అప్పటికింకా నెల్లూరులో ఒక ఆసుపత్రిలో హార్మోన్ల విభాగాధిపతిగా ఉన్నాను. దొరవారిసత్రం దగ్గరి పులికాట్ ఒడ్డు పల్లె నుంచి పోలయ్య అనే జాలరిని అతని భార్య మస్తానమ్మ వెంటబెట్టుకొచ్చింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ పక్కనుంచి వచ్చే పడవ కనిపించదట. స్కానింగులో పిట్యూటరీ గడ్డ తేలింది. మెదడు కింద శనగగింజంత ఉండే ఈ గ్రంథి ఒంట్లోని మిగతా గ్రంథులకు మేస్త్రీ లాంటిది. గడ్డ పైకి పెరిగి చూపు నరాలను నొక్కుతోంది.

ఈ గడ్డలన్నిటికీ ఒకే వైద్యం పనికిరాదు. పాల హార్మోను చేసే రకమైతే చాలామందికి బిళ్ళలతోనే కరుగుతుంది. పోలయ్యది ఆ రకం కాదు. చూపు దక్కాలంటే ఆపరేషన్ చేయాల్సిందే. తల తెరవరు, ముక్కులోంచి వెళ్ళి తీస్తారు. ముక్క మిగిలి మళ్ళీ పెరిగితే రేడియేషన్ ఉంటుంది. మా న్యూరోసర్జన్ శుభ్రంగా తీశాడు, చూపు తేరుకుంది. కానీ గ్రంథి దెబ్బతినడంతో ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను బిళ్ళగా ఇవ్వాల్సి వచ్చింది. పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి. ఖాళీ కడుపున వేయొద్దని, బిళ్ళలు అయిపోనివ్వొద్దని చెప్పాను. మస్తానమ్మ పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పింది.

మరుసటి నెల పోలయ్యను అంబులెన్సులో తెచ్చారు. వాంతులు, బీపీ అందడం లేదు, పిలిస్తే పలకడం లేదు. అంత చక్కగా తేరుకున్న మనిషి ఇలా ఎలా అయ్యాడు? స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి, సెలైన్ పెట్టించి, బిళ్ళలు ఇస్తున్నావా లేదా అని మస్తానమ్మను గద్దించాను.

"తిన్నాక ఇయ్యమన్నారు గదా సార్. ఆయనకి కళ్ళు బాగైతే గంగమ్మ జాతరకి ఇద్దరం ఉపాసం ఉంటామని మొక్కుకున్నా. నిన్నా మొన్నా ఆయన ఏం తినలా. తినకుండా బిళ్ళ ఎట్టా ఇస్తాను?"

ఆమె నా మాట జవదాటలేదు. అక్షరాలా పాటించింది, అందుకే అతను చావు దాకా వెళ్ళాడు.

సాయంత్రానికి పోలయ్య కళ్ళు తెరిచి భార్యను పిలిచాడు. బతికాడు.

ఉపవాసమున్నా, వాంతులైనా బిళ్ళ మానకూడదని, కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్ కోసం పరుగెత్తాలని ఆ తర్వాత విడిగా చెప్పడం మొదలుపెట్టాను. అది చెప్పేముందు ప్రతి రోగినీ ఒకటి అడిగేవాణ్ణి, మీరు ఏయే రోజుల్లో అన్నం తినరు అని. రిటైరయ్యేలోగా అలాంటి రోజు లేదన్నవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.