పాతరలో నాయన ఊపిరి

మా చిన్నప్పుడు జొన్నలు ఇంట్లో కాదు, నేల కింద ఉండేవి... ఆళ్ళగడ్డ దగ్గర మా ఊళ్ళో ఇంటి ముందరే పాతర. రెండు నిలువుల లోతు గుంత తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు నింపి, పైన బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్ళు. ఏడాది దాటినా గింజ చెడేది కాదు.

బండ తీసిన రోజు ఎవరూ లోపలికి దిగరు. ఒక రోజంతా తెరిచి ఉంచి, మరునాడు తాడుతో దీపం దించి చూస్తారు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి...

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, ఎండాకాలంలో, పొద్దున్నే బండ తీశారు. మధ్యాహ్నానికి నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. బండ మళ్ళీ మూసినా, మెత్తిన పచ్చిమట్టి వానకు నిలవదు. వాన నీళ్ళు దిగితే ఏడాది తిండి ముక్కిపోతుంది.

"దీపం దించి సూసినావా?" అంది అమ్మ.

"వాన మీదికొస్తాంటే దీపమేందే... నాలుగు గంపలు తోడిచ్చి వస్తా" అని నాయన దిగిపోయాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, గంపలు అందుకోవడానికి పైన నిలబడ్డాడు.

ఒక్క గంప కూడా పైకి రాలేదు.

లోపల నుంచి ఊపిరి వినిపించింది... బండి లాగి లాగి అలసిన ఎద్దులా రొప్పుతున్నాడు. "అన్నా, ఏమాయ?" అని చిన్నాయన కేకేశాడు. రొప్పు ఇంకా జోరయింది. తర్వాత అదీ ఆగిపోయింది. తొంగి చూస్తే నాయన జొన్నల మీద బోర్లా పడి ఉన్నాడు.

చిన్నాయన దూకబోయాడు. అమ్మ కింద పడి అతని రెండు కాళ్ళూ వాటేసుకుంది.

"ఇడువు వదినా. మాయన్న సచ్చిపోతాండాడు."

"నువ్వూ ఆడనే పడతావ్. ఎవరన్నా మోకు తేపోండి. మోకు కట్టుకోకుంటే దిగనీను."

గుంతలో ఉన్నది తన మొగుడు... అవ్వ ఆమె వీపు మీద గుద్దుతూ, "నా కొడుకును సంపుతాండావు గదే" అని ఏడుస్తోంది. అమ్మ వదల్లేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది... వదలమని నేనే అమ్మ చేతిని కొరికాను.

మోకు వచ్చేసరికి ఎంతసేపయిందో తెలియదు. ఈలోగా ఇరుగుపొరుగువాళ్ళు వేపమండలు కట్ట కట్టి, గాలి కదలాలని పాతరలోకి దించుతూ లాగుతూ ఉన్నారు. చిన్నాయన మోకు నడుముకు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగాడు. నాయన చంకల కింద తాడు చుట్టేలోపే అతనికి కళ్ళు తిరిగాయి. పైకి లాగేశారు. కక్కుకున్నాడు. నోరు తుడుచుకుని మళ్ళీ దిగాడు. ఈసారి ఇద్దరూ వచ్చారు.

నాయన పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. గుండె ఎక్కడో సన్నగా కొట్టుకుంటోంది. ఊపిరి మాత్రం లేదు.

అప్పుడు వచ్చింది మా బడి పంతులమ్మ రూతమ్మ. చర్చి వీధి మనిషి. మా అవ్వ ఆమెకు మంచినీళ్ళు కూడా పైనుంచి దోసిట్లో పోసేది. ఆమె నాయన ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఊరంతా చూస్తోంది... ఆమె ఒక్కసారి తల ఎత్తి అవ్వ వైపు చూసింది.

"ఊదు తల్లీ, నిలపొద్దు" అంది అవ్వ.

ఎరువుల లారీలో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. దారంతా వాన. దారంతా ఆమె ఊదుతూనే ఉంది. నంద్యాల చేరేముందు నాయన తనంతట తానే ఒక ఊపిరి తీశాడట... మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు.

బడి తెరిచాక రూతమ్మ టీచర్ బోర్డు మీద ఊపిరితిత్తులు గీసి చెప్పింది. జొన్నలు కూడా ఊపిరి పీలుస్తాయట. మంచిగాలి వాడేసుకుని చెడ్డగాలి వదులుతాయి. అది బరువు కాబట్టి పాతర అడుగునే ఉంటుంది. మన నెత్తురు ఒళ్ళంతా తిరిగి చెడ్డగాలిని తెచ్చి ఊపిరితిత్తుల్లో దించి, మంచిగాలిని ఎత్తుకుపోతుంది. నెత్తుట్లో చెడ్డగాలి కొంచెం పెరిగినా మెదడు పసిగట్టి, పీల్చు పీల్చు అని తొందరపెడుతుంది. బయట ఉంటే ఆ తొందరే మనల్ని కాపాడుతుంది. పాతరలో మాత్రం పీల్చేకొద్దీ ఇంకా చెడ్డగాలే లోపలికి పోతుంది...

నాయన రొప్పింది ఎందుకో నాకు ఆ రోజు అర్థమయింది. బెంచీ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

నాయన బతికాడు. కానీ నన్ను మేనత్త పేరుతో పిలిచేవాడు. మడక కట్టి దున్నుతూ దున్నుతూ సగం సాలులో నిలబడిపోయేవాడు, ఎటు తిప్పాలో తెలియక. మెదడుకు మంచిగాలి అందని ఆ కాసేపట్లో ఏం పోయిందో అది మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత అవ్వ రూతమ్మకు తన చెంబుతోనే నీళ్ళిచ్చేది. అమ్మతో మాత్రం తను పోయేదాకా సరిగా మాట్లాడలేదు. అమ్మ కూడా ఒక్కోసారి చిన్నాయనను అడిగేది, "ఇంగొంచెం ముందే ఇడిచింటే ఆయప్ప బాగుండేటోడేమో" అని.

"ఇడిచింటే ఇద్దరికీ అదే గుంత వదినా" అనేవాడు చిన్నాయన. అమ్మ తల ఊపేది... నమ్మినట్టు ఉండేది కాదు.

ఇప్పుడు మా ఊళ్ళో పాతర్లు లేవు. అన్నీ పూడ్చేశారు. పిల్లలకు ఆ మాటే తెలియదు. మా పాతర ఉన్నచోట సిమెంటు రోడ్డు వేసి, మోటార్ సైకిళ్ళు నిలుపుకుంటున్నారు. అందరూ దాని మీదే నడుస్తారు. ఎనభై దాటిన మా అమ్మ ఒక్కతే, కర్ర పట్టుకుని, పక్కనుంచి చుట్టు తిరిగి పోతుంది...

మీ ఊళ్ళలోనూ పాతర్లు ఉండేవా? దీపం ఆరితే ఆగమని చెప్పిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఎవరు? ఇక్కడ రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.