దర్బారు తెర మీద పసుపునీళ్ళు

నాటకాలకు తెరలు రాయడం నాకు ఇష్టమే కానీ, ఆ పనిలో ఒక కంపు ఉంది. రంగుపొడి గుడ్డకు పట్టాలంటే జిగురు కలపాలి. పశువుల తోళ్ళు ఉడికించి తీసిన ఆ జిగురును వేడి చేసిన రోజు నాకు అన్నం సహించేది కాదు. నల్లగొండలో డ్రాయింగు మాస్టరుగా చేరిన కొత్తలో, సెలవులకు మోత్కూరు దాకా పోయి నాటక సమాజాలకు అడవులూ అంతఃపురాలూ రాసేవాణ్ణి. అరవైల్లో మహబూబ్‌నగర్‌కు బదిలీ అయ్యాక, టీచరు ట్రైనింగుకు వచ్చినవాళ్ళకు బొమ్మలతో పాటు రంగస్థలం పనీ నేర్పాను.

వాళ్ళలో ఒకతను కోస్గి వైపు వాడు. పాతికేళ్ళుంటాయి. క్రైస్తవ కుటుంబం; తండ్రిది తోళ్ళ పని. గీత అతనికి నాకన్నా బాగా కుదిరేది. కోస్గిలో పౌరాణిక నాటకానికి దర్బారు తెర కావాలని ఒక వ్యాపారి అడిగితే అతన్ని వెంటబెట్టుకుని పోయాను. సింహాసనం నేను రాశాను. స్తంభాలన్నీ అతనివే.

నాటకం రోజు పొద్దున తెర కట్టాం. వ్యాపారి వచ్చి స్తంభాలను చేత్తో తడిమి చూశాడు.

"ఇవి ఎవలేసిన్రు సారూ? నిజం కంబాలే అనుకున్న."

"మా విద్యార్థి. మీ పక్కూరే."

"ఎవలింటోడు?"

చెప్పాను. తండ్రి ఏ పని చేస్తాడో కూడా గొప్పగా చెప్పాను. ఆయన తెర మీది నుంచి చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"గట్లెట్ల జేసిన్రు సారూ? దీని ముందల దేవుని యేషం కట్టి నిలవడాలె గద."

"ఈ రంగు నిలిచేదే తోలు జిగురుతో" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. చెంబెడు పసుపునీళ్ళు తెప్పించి మామిడాకులతో తెరంతా చల్లించాడు. అవి నీళ్ళలో కలిపిన రంగులు. చుక్క పడ్డ చోటల్లా కరిగి కారాయి. స్తంభాల నీలం సింహాసనం మీదికి దిగి చీము రంగుకు తిరిగింది.

"మీరొక్కలే దిద్దుండ్రి సారూ. వాణ్ణి జర దూరముండమనుండ్రి."

తెర చుట్టుకుని వచ్చేయాల్సింది. రాలేదు. పెద్దమనిషితో తగువెందుకని కుంచె పట్టాను. మా విద్యార్థి ఎండలో నిలబడి చూస్తున్నాడు. అతని గీతల మీద నా గీతలు పెట్టాను. సాయంత్రం అందరి ముందూ వ్యాపారి నాకు శాలువా కప్పాడు. ఆయన చేతి అత్తరు నా మెడకు అంటుకుంది. వేదిక వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను.

మర్నాడు బస్సులో చాలా దూరం వచ్చాక అతను నోరు విప్పాడు.

"మా ఇంటి సంగతి ఎందుకు చెప్పిన్రు సార్? మీరెంత మంచోళ్ళో ఆయనకు తెల్వాలని చెప్పిన్రు. నన్నడిగుంటే వద్దంటుంటి."

అది నిజమే.

ఆ తర్వాత బయటి సమాజాలకు నేను తెర రాయలేదు. అతనికి హాలియా దగ్గర ఉద్యోగమైంది. రెండేళ్ళకు, బడి వార్షికోత్సవానికి తెర రాశానని కార్డు రాస్తే పోయాను. కొత్తగా నీళ్ళొచ్చిన కాలువ, ఒడ్డున నాట్లేస్తున్న ఆడవాళ్ళు. తెర నిండా అదే.

"ఆ రోజు నేను చేసింది నీచపు పని" అన్నాను.

"అవును సార్" అన్నాడతను. తెర తాడు బిగించాలి, ఒక కొస పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.