పొగ బీరువా

మా ఆయన్ని అందరూ ‘ఎందుకు మేస్త్రి’ అంటారు. పాత సామానుకి రంగులు వేసే మనిషి డబ్బా మూత తీసి పని కానివ్వాలి కదా! ఈయన అలా కాదు. ముక్కాలి పీట కనబడితే చాలు, ఇది వంటింట్లో ఉండేదా, దీని మీద ఎవరు కూర్చునేవాళ్ళు, ఈ మచ్చ ఎందుకు పడింది అంటూ ఆరాలు. నేను పక్కన గరుకు కాగితంతో చెక్క రుద్దుతూ పళ్ళు నూరుకుంటాను.

“ఊరి గొడవంతా మీకెందుకండీ?” అంటే, “రంగుకి ముందు పూసే ప్రైమర్ జిడ్డు పట్టిన చెక్కకి ఒకటి, చెమ్మ తగిలిన చెక్కకి ఇంకొకటి. దాని సంగతి తెలీకుండా ఏం పూయమంటావే?” అంటారు.

ఆ మధ్య ఒక ఇంట్లో నిలువెత్తు చెక్క బీరువాకి తెల్లరంగు వెయ్యమన్నారు. ఇంటాయన పోయి ఏడాది. ఆయన బట్టలు, సిగరెట్ పెట్టెలు అన్నీ అందులోనే ఉండేవట. తలుపు తీస్తే ఇప్పటికీ గుప్పుమని పొగ వాసన. ఇంటావిడ బళ్ళో టీచరుగా చేసి మానేసిన మనిషి. ఇకనుంచి ఆ బీరువాలో తన బట్టలు మాత్రమే సర్దుకోవాలని, లోపల కూడా రంగు పడాలని ఆవిడ కోరిక.

కొడుకు మమ్మల్ని పక్కకి పిలిచాడు. “లోపల మామూలు ప్రైమరే పూసెయ్యండి మేస్త్రీ. వాసన ఆపే రకం వద్దు. తలుపు తీస్తే నాన్న ఉన్నట్టే ఉంటుంది. అమ్మ ఇప్పుడేదో అంటుంది గానీ, ఆ వాసన పోతే కూర్చుని ఏడ్చేది తనే.”

మా ఆయన నోరు తెరవబోయారు. “చెప్పింది చెయ్యండి” అని నేను కళ్ళురిమాను. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రుద్ది, నీళ్ళలో కలిపే మామూలు ప్రైమర్ పూసి వచ్చేశాం.

మర్నాడు వెళ్ళి చూస్తే ఏముంది! తెల్లటి పూత మీద టీ ఒలికినట్టు పసుపు మరకలు. ఇంటావిడ తలుపు తీసి ఒక్కసారి పీల్చింది. “మా ఆయన మళ్ళీ వచ్చేశారమ్మా” అని మంచం మీద కూలబడింది. నాకు నవ్వు ముంచుకొచ్చింది గానీ, ఆవిడ ముఖం చూసి మింగేశాను.

మా ఆయన ఊరుకుంటేనా! “ఆ వాసనంటే ఎందుకమ్మా మీకంత కష్టం?”

వారిస్తూ ఈయన మోచెయ్యి గిల్లాను. ఆవిడ మాత్రం చెప్పడం మొదలుపెట్టింది.

“నా బట్టలూ అందులోనే ఉండేవి బాబూ. ఎంత ఉతికినా అదే కంపు. బళ్ళో ముందు వరస పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. టీచరమ్మ చాటుగా సిగరెట్ కాలుస్తుందని పుకారు పుట్టించారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆయనకి చెబితే పకపకా నవ్వేవారు. మంచి మనిషే, కాదనను. ఆయన లేరని రోజూ ఏడుస్తూనే ఉన్నాను. కానీ ఆ పొగ మాత్రం నాకొద్దు.”

గుమ్మంలో కొడుకు నిలబడి ఉన్నాడు. “నాతో ఎప్పుడూ అనలేదేంటమ్మా?”

“నువ్వెప్పుడు అడిగావు? మేస్త్రి అడిగాడు, చెప్పాను.”

కొడుకు మా వైపు తిరిగి, “వాసన ఆపే రకమే వెయ్యండి మేస్త్రీ” అన్నాడు. స్పిరిట్‌లో కరిగిన లక్కతో చేసే ప్రైమర్ ఉంటుంది. మరకనీ వాసననీ లోపలే బిగించేస్తుంది. కిటికీలన్నీ బార్లా తెరిచి, పల్చగా రెండుసార్లు పూశాం. ఈసారి ఒక్క మచ్చా పైకి రాలేదు. దాని మీద తెల్లరంగు వేశాం.

రంగు పూర్తిగా ఆరి, బట్టలు సర్దుకున్నాక ఆవిడ మాకు కబురు పెట్టింది. బీరువాలోంచి మడతపెట్టిన తువ్వాలు తీసి నా చేతికిచ్చింది. “నీ ముక్కుతో చూసి చెప్పమ్మా. నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు.”

“సబ్బు వాసనండీ.”

“ఇంకేం లేదా?”

“ఒట్టు. ఇంకేం లేదు.”

ఆవిడ ఆ తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకుంది. ఇంతలో కొడుకు తండ్రి కోటు పట్టుకుని వచ్చాడు. “కింది అర ఖాళీగానే ఉంది కదమ్మా. ఇదొక్కటీ ఓ మూల...”

ఆవిడ కోటు అందుకుని, కాలరు సరిచేసి, మడతపెట్టి మళ్ళీ కొడుకు చేతుల్లోనే పెట్టింది.

“నీ గదిలో పెట్టుకో నాయనా,” అని బీరువా తలుపు వేసేసింది.