పళ్లెంలో పది టోపీలు

మాఘ శుద్ధ ద్వాదశి, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు ఒక ఘోరం మొదలైంది. చేసింది నేనే. అప్పటికింకా చిన్నదాన్ని, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు డెబ్బై రెండు నిండాయి కనుక బుద్ధొచ్చిందని ధైర్యంగా చెబుతున్నాను.

మావారికి ఒక పాత పెట్రోలు జీపు ఉంది. ఆయన జీవితంలోకి నాకంటే ముందే వచ్చింది. ఆ గర్వం దానికి ఇప్పటికీ ఉంది. మర్నాడు ఉదయం వేదాద్రిలో మా ఆడపడుచు మనవరాలి పెళ్లి. పెళ్లికొడుకుని సత్రం నుంచి గుడిదాకా ఆ జీపులోనే తెస్తానని ఈయన మాటిచ్చారు. ఆ ఆడపడుచే, నందిగామలో ఉండే మా వదిన, ఫోన్లోనే పకపకా నవ్వింది.

"ఒరే తమ్ముడూ, ఆ డొక్కు రాకపోతే సోమవారం పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యాలి. సరేనా?"

"సరే అక్కయ్యా!" అన్నారు ఈయన పౌరుషంగా. తర్వాత ఇంజను మూత ఎత్తి చూస్తే ప్లగ్గు వైర్లన్నీ ఎలుకలు కొరికేసి ఉన్నాయి.

పాతకాలం జీపుకి పాతకాలం బట్టే కట్టాలని, పైన నూలు అల్లిక ఉన్న వైరు ఎక్కడినుంచో తెప్పించారు. దాన్ని ఐదు ముక్కలు చేయాలి. నాలుగు ప్లగ్గులకు నాలుగు, కాయిల్‌కి ఒకటి. ప్రతి ముక్కకీ రెండు చివర్లా టెర్మినల్, అంటే ఇత్తడి మూతి, బిగించాలి. దుమ్మూ తడీ చేరకుండా టెర్మినల్ మీద రబ్బరు టోపీ ఉండాలి.

"కాస్త ఎక్కువుంచి కొయ్యాలి," అన్నారు కటింగ్ ప్లయర్ తీస్తూ.

"కాస్త అంటే ఎంత?"

"సుమారుగా."

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. సుమారు అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్లయర్ లాక్కున్నాను.

"మీరెళ్లి డబ్బాలో పెట్రోలు పట్టుకురండి. ఇది నేను చూసుకుంటా."

"అది కాదు రాజ్యం, టోపీలు ముందు..."

"నాకు చెప్పొద్దండీ!"

చెప్పనిచ్చి ఉంటే మీకీ కథ దక్కేది కాదు.

కుట్టుపని టేపుతో కొలిచాను. వెంట్రుకవాసి ఎక్కువ లేకుండా కోశాను. చివర్లు ఒలిచి, టెర్మినళ్లు తొడిగి, ఏనుగు లాగినా ఊడనంత గట్టిగా నొక్కాను. రబ్బరు టోపీలు పదింటినీ కడిగి, తుడిచి, స్టీలు పళ్లెంలో సైజువారీగా పేర్చాను. పరీక్షలో నూటికి నూరు వచ్చే పిల్లలా వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన వచ్చారు.

"అబ్బ! నగల కొట్లో పనిలా ఉందే! టోపీలేవీ?"

"పళ్లెంలో."

"పళ్లెంలో ఎందుకున్నాయి?"

"ఇప్పుడు తొడుగుతా."

"ఎట్టా తొడుగుతావు?"

అప్పుడు చూశాను. టోపీ వెనక బొక్క వైరు దూరేంతే ఉంది. టెర్మినల్ దానికి రెట్టింపు లావు. టోపీని ముందు వైరుకి ఎక్కించి, ఆ తర్వాత టెర్మినల్ బిగించాలి. నేను దారానికి ముడేసేశాక పూలు గుచ్చబోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గానీ, నా ఆకులు ముందునుంచీ పక్కనే, పళ్లెంలో, వరసగా ఉన్నాయి.

కొబ్బరినూనె రాసి నెట్టాను. కుంకుడు రసం రాసి నెట్టాను. రెండు టోపీలు చిరిగాయి. చివరికి అన్ని చివర్లూ అరంగుళం చొప్పున కోసి మళ్లీ మొదలుపెట్టాం. కోసిన టెర్మినళ్లను నోళ్లు విప్పితే ఎనిమిది బతికాయి, రెండు విరిగాయి. ఇక వైర్లు? ఒక్కోటీ అంగుళం పొట్టి. ఏదీ దాని చోటికి అందదు.

"కాస్త ఎక్కువుంచి..." అని మొదలుపెట్టారు ఆయన.

"అనకండి!"

ఆ సైజు సామాను పేటలో ఏ షాపులోనూ లేదు. నాకు ఏడుపొచ్చింది. జీపు పోతుందని కాదు, వదిన గెలుస్తుందని. కళ్లు తుడుచుకుని లెక్క వేశాను. పొడుగు వైరుని దాని కిందిదాని చోట, దాన్ని ఆ కిందిదాని చోట, అలా తలొక మెట్టు దించాం. కాయిల్‌కి అందింది, మూడు ప్లగ్గులకు అందింది. నాలుగో ప్లగ్గు ఖాళీ, అంటే ఇంజన్లో నాలుగో సిలిండర్ పడుకున్నట్టే.

మూడు సిలిండర్ల జీపు ఎలా నడుస్తుందంటారా? ఒక కాలు విరిగిన మంచానికి చలిజ్వరం వచ్చినట్టు నడుస్తుంది. మర్నాడు దారిలో సిమెంటు లారీల డ్రైవర్లు వేగం తగ్గించి మరీ చూశారు. కానీ వేదాద్రి చేరాం! పెళ్లికొడుకుని ఎక్కించుకున్నాం. బాసికం ఊగుతోంది, బుగ్గలు ఊగుతున్నాయి, పక్కన నా గాజులు మేళానికి తాళం వేస్తున్నాయి.

గుడి ముందు వదిన ఎదురొచ్చి, పెళ్లికొడుకుని చూసి గుండెలు బాదుకుంది.

"ఓరి దేవుడా! కుర్రాడు భయంతో ఇట్టా వణికిపోతున్నాడేంటిరా?"

"భయం కాదక్కయ్యా," అన్నారు ఈయన, "మూడు సిలిండర్లు."

అందరికంటే ముందు నవ్వింది పెళ్లికొడుకే. తర్వాత వదిన నవ్వి నవ్వి జీపుకే ఆనుకుంది, ఆనుకుని తనూ ఊగింది. పాతసామాన్ల మాట మళ్లీ ఎత్తలేదు.

నరసింహస్వామి ఎదుట, తడి చీరతో, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేశాను. టోపీ ఎక్కించకుండా ఇక ఈ జన్మలో టెర్మినల్ నొక్కను. మావారు వాక్యం పూర్తిచేసేదాకా ఆగుతాను, సుమారుగా.

పోయినవి: వైరు ఐదు అంగుళాలు, టెర్మినళ్లు రెండు, టోపీలు రెండు, కొబ్బరినూనె అర సీసా. పెళ్లికొడుకు దండలోంచి దారిపొడవునా రాలిన బంతిపూలు మాత్రం లెక్కకు అందలేదు.