ఒక్క ‘ఎక్కడికి’ కోసం హాలిఫాక్స్ దాకా

అన్నం తినే చెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు అప్పుడే నవ్వుతుంటారని తెలుసు. అయినా నిజం. మూస్ కూడా నిజం.

మన పిల్లలు విమానాల నిండా చదువులకు దిగుతున్న రోజులవి. కాలేజీలో సీటు కన్నా అద్దెకు గది దొరకడమే కష్టం. మా అక్క కూతురు లిఖిత తూర్పు సముద్రపు ఒడ్డున హాలిఫాక్స్‌లో మాస్టర్స్ చేస్తోంది. తెనాలి పిల్ల. ఆమె గదిలోనే జగిత్యాల పిల్ల మానస. ఏడాదిన్నరగా ఇద్దరిదీ ఒకటే కుక్కర్.

మానస ఒక రోజు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరింది. గడప దాటుతుండగా లిఖిత అలవాటుగా వెనకనుంచి “ఎక్కడికే?” అని అడిగేసింది. ఉద్యోగం రాలేదు. మానస మాటలు మానేసింది. నెలాఖరుకి వేరే గదికి వెళ్తున్నానని, కుక్కర్ నువ్వే ఉంచుకొమ్మని చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించింది. లిఖిత నాకు ఫోన్ చేసి, “ఈ దేశంలో నాకున్న తోడబుట్టింది అదొక్కతే మావయ్యా” అని ఏడ్చింది.

ఎక్కడికి, ఎందాకా, దూరమా. ఏ నిఘంటువు తిరగేసినా ఈ మూడూ అడిగేది ఒకటే. ఆ సంగతి మానసకి నచ్చజెప్పి వస్తానని శుక్రవారం ఏడు గంటలకు నార్త్ యార్క్‌లో మా ఇంట్లో బూట్లు వేసుకున్నాను. ముందు రోజు దగ్గరుండి బ్యాగు సర్దిన మా ఆవిడే నిద్రమత్తులో “ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?” అంది.

బూట్లు విప్పాను. కాసేపు కూర్చున్నాను. మంచినీళ్ళు తాగి మళ్ళీ బూట్లు వేసుకున్నాను. సబ్‌వే రైలు దిగి యూనియన్ స్టేషన్లో పరిగెత్తేసరికి ఎనిమిదిన్నర మాంట్రియల్ రైలు వెళ్ళిపోయింది. పదకొండున్నర రైలే గతి.

మాంట్రియల్‌లో హాలిఫాక్స్ రైలు సాయంత్రం ఏడింటికి. వెళ్ళదలచినవాళ్ళు మధ్యలో మూడు గంటలైనా ఉంచుకోండి. నాకు మిగిలింది బెంచీ మీద పులిహోర తినేంత సేపు. పెట్టెలో పడుకునే బెర్తులు ఖరీదు ఎక్కువ. కూర్చునే సీటులోనే మెడకి తువ్వాలు చుట్టుకుని నిద్రపోవచ్చు, నేను పోయాను.

ఒక విశేషం చెప్పాలి. టికెట్లు చూసే ఆయన, కాఫీ అమ్మే అమ్మాయి, పక్క సీటు కుర్రాడు, అందరూ ఇంగ్లీషులో ఎక్కడికని అడిగారు. హుషారుగా జవాబిచ్చాను. ఒక్కసారీ మంచినీళ్ళు తాగాలనిపించలేదు.

మర్నాడు పొద్దున ఎదురుగా ఒక ముసలావిడ మేజోళ్ళు అల్లుతూ కూర్చుంది. చేపలు పట్టేవాళ్ళ కుటుంబం. నా ప్రయాణం సంగతి విని నవ్వలేదు. వాళ్ళాయన పడవలో ఒక జంతువు పేరు ఎత్తకూడదట. ఏ జంతువని అడిగితే అటూ ఇటూ చూసి నా టికెట్ వెనకాల పంది బొమ్మ గీసింది.

“ఇది రైలు కదా, ఇక్కడ అనొచ్చు కదండీ” అన్నాను.

“నువ్వను. నేనైతే దిగాక అంటాను” అంది.

ఆ తర్వాత గంటకి రైలు ఆగింది. పట్టాల మీద మూస్, ఇక్కడి అడవుల్లో తిరిగే పెద్ద దుప్పి. మా ఊరి గేదెలు రెండింటిని కలిపితే అంత. కొమ్ములు వాల్చిన నవారు మంచంలా ఉన్నాయి. ఇరవై నిమిషాలు సరిగ్గా నా కిటికీ వైపే చూసి, విసుగొచ్చి అడవిలోకి వెళ్ళిపోయింది.

అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుకోవాలి. సాయంత్రం ఆరున్నరకి హాలిఫాక్స్‌లో దిగి, సిటీ బస్సులో పిల్లల గదికి చేరాను. మానస పాపం మర్యాదగానే టీ ఇచ్చింది, కానీ ఇద్దరూ ఏదైనా కావాలంటే నా చేత అడిగిస్తున్నారు. నిఘంటువు ఉపన్యాసం మొత్తం ఇచ్చాను.

మానస ఓపిగ్గా విన్నది. “అర్థం ఒక్కటే, నాకు సమజైంది అంకుల్. కానీ ఆ మాటకు మా అమ్మమ్మ ఎన్ని బస్సులు వదిలిపెట్టిందో చిన్నప్పటి సంది చూసిన. ఇంటర్వ్యూల వాళ్ళేమడిగినా నాకు ఆ మాటే ఇనబడ్డది.”

ఉపన్యాసం ఆపేశాను. బూట్లు విప్పి నీళ్ళు తాగిన సంగతి, రైలు తప్పిన సంగతి చెప్పేశాను. ముందు లిఖిత నవ్వింది, తర్వాత మానస. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ ఆపేశారు.

సోమవారం పొద్దున ఫెర్రీ పడవలో దాటి అవతలి ఒడ్డున మానసకి ఇంకో ఇంటర్వ్యూ. బయల్దేరే వేళకి లిఖిత రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది.

“దూరమా అమ్మా?” అన్నాను, ఎంతో జాగ్రత్తగా.

“గీ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకే అంకుల్. పోయొస్త.” గడపలో ఆగి లిఖిత వైపు చూసింది. “చేతులు తియ్యే. నువ్వు గూడ మంచిగ అడుగు.”

లిఖిత అడిగింది.

బుధవారం మధ్యాహ్నం తిరుగు రైలెక్కాను. ఊరు దాటిన గంటకి మానస మెసేజ్ పెట్టింది: “ఇది గూడ రాలేదు అంకుల్. మీరిద్దరు మంచిగనే అడిగిన్రు. అంటే లిఖిత తప్పేం లేదన్నట్టు. చీటీ చింపేసిన.”

ఉద్యోగాన్ని ఏ మాటా ఆపలేదు. మనిషినైతే ఆపింది, తెలుగులో అడిగితేనే. ఇంటికొచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను.

ఇక ప్రమాణం సంగతి. పైన ‘అలవాటుగా’ అని రాశాను. అది కల్పన. ఆ పొద్దున లిఖిత నాతో ఫోన్లో ఉంది. తలుపు చప్పుడు విని, ఎవరది, ఎక్కడికో అడుగు అన్నది నేను. నా ప్రశ్నని తన నోటితో అడిగి, ఇన్ని వారాలూ నా పేరు బయట పెట్టలేదు ఆ పిల్ల. అది చెప్పడానికే అంత దూరం వెళ్ళాను. నాలుగు రోజులు వాళ్ళ టీ తాగుతూ కూర్చుని, చెప్పకుండా వచ్చేశాను.

మానసా, ఇది చదివాక మాట్లాడటం మానేస్తే నాతో మానెయ్యి. కుక్కర్ మాత్రం ఒకటే ఉండనివ్వండి.

మూస్ నిజమే.